కారు లేకుండా వచ్చిన తమ్ముడు

జెనోన్‌కి కారంటే ఎంత ప్రాణమో వార్సాకి దిగువనున్న రాదోమ్ ఊళ్లో వాళ్ల వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. పెళ్లాం పుట్టినరోజు మర్చిపోయిన ఏడు ఉందేమో గానీ ఇంజిన్ ఆయిల్ మార్చడం మర్చిపోయిన ఏడు లేదు. పదిహేనేళ్లప్పుడు సరస్సు ఒడ్డు పల్లె వదిలి ఈ ఊరొచ్చి, బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసే పని నేర్చుకుని, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాడు. మాట తక్కువ, చేతిపని నాణ్యం. చుట్టాల్లో పెళ్లయినా చావైనా బాప్తిజమైనా, స్టేషన్ నుంచి మనుషుల్ని తెచ్చేదీ ఆయనే, తాగి తూలేవాళ్లని ఇళ్లకు చేర్చేదీ ఆయనే. "మన జెనెక్ ఉన్నాడుగా" అని ముద్దుపేరుతో తలుచుకుని మిగతా మగాళ్లంతా ధీమాగా గ్లాసులెత్తేవాళ్లు. ఆయన ముందు మాత్రం ఎప్పుడూ కొంపోతే ఉండేది. పండ్లు ఉడికించిన ఆ తియ్యటి నీళ్లు గుక్క గుక్కా తాగుతూ, అందరి జోకులూ వింటూ, మధ్యమధ్యలో కిటికీలోంచి కారు భద్రంగా ఉందో లేదో చూసుకునేవాడు.

ఆయన భార్య ఉర్షులా. బడిలో వంటమనిషిగా చేసి మానేసింది. నోరులేని మొగుడికి నోరున్న పెళ్లాన్నిచ్చి దేవుడు లెక్క సరిచేశాడని ఆ వంటింట్లో ఆడాళ్లు నవ్వేవాళ్లు. కారు కొన్న దగ్గర్నుంచీ సెలవులొస్తే కారే. ఆయన స్టీరింగ్ దగ్గర, ఈమె పక్కసీట్లో ఒళ్లో మ్యాపు పరుచుకుని. కొండలన్నారు, సముద్రమన్నారు, దేశం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగింది గానీ, పాపం, ఆవిడ చూసింది మాత్రం మ్యాపే. తల ఎత్తితే చాలు, "ముందు కుడికా, ఎడమకా?" అని అడిగేవాడు.

ఏటా ఒక్కసారి మాత్రం మ్యాపు అక్కర్లేని ప్రయాణం ఉండేది. ఆగుస్తూవ్ దాటాక లిపూవ్కా అనే పల్లెలో, తాను పుట్టిన ఇంట్లో ఉంటున్న అన్న వితోల్డ్ దగ్గరికి. తెల్లారకముందే బయల్దేరి మధ్యాహ్నానికి చేరేవాళ్లు. తినేవాళ్లు. వదిన స్తెఫాన్యా కేకు కోసేది. వితోల్డ్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టీ పెట్టగానే జెనోన్ తాళాలు తీసి చేతిలో పట్టుకునేవాడు. దారి దూరం, చీకటి పడకముందే పోవాలి అని లేచేవాడు. ఎన్నేళ్లయినా అదే వరస. కుక్కతోక లాంటి అలవాటు, ఎన్నిసార్లు లాగినా మళ్లీ అదే వంకర.

ఈ ఏడు వితోల్డ్ ముందుగానే ఫోన్ చేశాడు. తమ్ముడికి కాదు, మరదలికి. జూన్‌లో చర్చి ఊరేగింపుల దివ్యసత్ప్రసాద పండగ గురువారం వస్తుంది, శుక్రవారం ఎవరూ పనికి పోరు, ఆ శనివారమే తనకి డెబ్బై నిండుతాయి, శుక్రవారానికల్లా రండి అన్నాడు. తర్వాత కాస్త ఆగి, గొంతు మార్చాడు.

"ఉలా, ఒక మాట చెబుతాను, వాడి మీద చెబుతున్నానని కోపం తెచ్చుకోకు. ఏటా స్తెఫాన్యా మీకని పక్క వేస్తుంది. ఏటా నలగని దుప్పటి మడతపెడుతుంది. నా ఇంట్లో ముళ్లున్నాయా? ఈసారి కూడా వాడు తాళాలు గలగలలాడించుకుంటూ లేచిపోయేట్టయితే ఇంక రానే వద్దని చెప్పు. డెబ్బై వచ్చాయి నాకు. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడానికి ఓపిక లేదు."

ఉర్షులాకి తెలుసు, వితోల్డ్ అన్నాడంటే అన్నట్టే. ఆ అన్నదమ్ములిద్దరికీ వేరే తోబుట్టువులు లేరు. ఈ తాడు తెగితే మళ్లీ ముడేసేవాళ్లు లేరు. ఆవిడ ఆ మాట మొగుడికి చెప్పలేదు. చెబితే ముడుచుకుపోయి అసలు బయల్దేరడని తెలుసు. తనలో తనే ఆలోచించుకుని ఒక నిర్ణయానికొచ్చింది. కారుంటేనే కదా వెళ్లిపోవడం, కారే లేకపోతే?

ఆ రాత్రి సూప్ వడ్డిస్తూ, ఈసారి రైల్లో పోదామంది. జెనోన్ చెంచా కింద పెట్టాడు.

అప్పుడు మొదలైంది గోల. ఆయన కారు పక్షం. కారైతే గుమ్మం నుంచి గుమ్మానికి. జామ్ సీసాలు పెట్టుకోవచ్చు, ఆగాలనిపించిన చోట ఆగొచ్చు. రైలైతే వార్సాలో మారాలి, ఆగుస్తూవ్‌లో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. ఈవిడ రైలు పక్షం. పండగ సెలవులకి వార్సా వార్సా అంతా సరస్సుల దారే పడుతుంది, ఆ రోడ్డు మీద బంపరుకి బంపరు ఆనించుకుని నిలబడాలి, నీ మోకాళ్లు ఇప్పటికే తలుపు కీళ్లలా కిర్రుమంటున్నాయి. రైలైతే కాళ్లు చాపుకోవచ్చు, టీ తాగొచ్చు, నేను ఒక్కసారన్నా కిటికీలోంచి చూడొచ్చు అంది. రెండో రోజు ఆయన, రైలు మధ్యలో ఆగిపోతే మనం చెయ్యగలిగిందేముంది అన్నాడు. ఏం చెయ్యక్కర్లేదు, అదే కదా సుఖం అంది ఈవిడ. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇద్దరూ కూర్చున్నారు.

ఒక్క సంగతి మాత్రం ఆవిడకి అంతుపట్టలేదు. జెనోన్ మొండివాడు కాదు. గోడలకు ఏ రంగు వెయ్యాలన్నా, పండక్కి ఏ చేప తేవాలన్నా, సరేలే అనే మనిషి. ఈ ఒక్క విషయంలో మొండికేశాడా అంటే, అది మొండికేసిన మొహం కాదు. బెదిరిన మొహం. రైలంటే భయమేమిటి ఈ వయసులో అనుకుంది, అంతకుమించి తోచలేదు.

చివరికి ఆయనే ఒక మధ్యేమార్గం చెప్పాడు. నువ్వు రైల్లో రా, నేను కార్లో వస్తాను, అక్కడ కలుసుకుందాం. ఉర్షులా ఠక్కున సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఏదో ఉందని ఆయనకి తట్టాల్సింది. తట్టలేదు. పాపం, మగబుర్ర.

శుక్రవారం పొద్దున్నే ఆవిణ్ని స్టేషన్లో దింపడానికి కారు తీశాడు. వీధుల్లో నిన్నటి ఊరేగింపు పూలరేకులు ఇంకా తుడవలేదు. ఊరేగింపుకని వీధుల్లో వేసిన పూజాపీఠాలకి కట్టిన బిర్చ్ చెట్టు కొమ్మల్ని శుభమని జనం ఇళ్లకి విరుచుకుపోగా మిగిలిన రెమ్మలు వాడి వేలాడుతున్నాయి. ప్లాట్‌ఫారం మీద పెట్టె దింపుతూ, ఇంత బరువేమిటి అన్నాడు జెనోన్. "నీ బట్టలు అందులోనే ఉన్నాయి" అంది ఉర్షులా. "నీ రేజరు, నీ మాత్రలు, నీ చెప్పులూ. నా దగ్గర రెండు టిక్కెట్లున్నాయి."

ఆయన నోరు తెరిచేలోపు వితోల్డ్ అన్న మాటలు, ఒక్కటి పొల్లుపోకుండా, అప్పచెప్పేసింది. రైలు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. జెనోన్ పెట్టె పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అన్నయ్య ఆ మాట అన్నాడా? రానే వద్దని?"

"అన్నాడు."

ఆయన చేతిలో తాళాలకేసి చూశాడు, స్టేషన్ బయటకేసి చూశాడు, ఏ బోగీ మనది అని అడిగాడు. రైలు కదిలి ఊరి పొలిమేర దాటింది. దాటాక, "కారు ఎండలో ఉంది" అన్నాడు. అంతే. ఉర్షులాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వార్సాలో మారి ఆగుస్తూవ్ రైలెక్కారు. పండగ రద్దీ, బోగీలో ఒక్క సీటు ఖాళీ లేదు. అక్కడి మర్యాద ప్రకారం అందరికీ నమస్కారం చెప్పి కూర్చున్నారు. మొదటి గంట జెనోన్ ప్రయాణం చెయ్యలేదు, రైలు నడిపాడు. వంపు వస్తే కుడికాలు నేలకి నొక్కేవాడు. డ్రైవరు బ్రేకు ఆలస్యంగా వేశాడని నసిగేవాడు. ఎదుటి సీటు పెద్దావిడ కాసేపు చూసి, మీ ఆయన రైల్వేలో చేశారా అని అడిగింది. లేదమ్మా, బూట్లలో చేశాడు అంది ఉర్షులా. బోగీ అంతా నవ్వింది.

ఉర్షులా సంచీ విప్పింది. శుక్రవారం వాళ్లు మాంసం ముట్టరు కనక అది లేదు. ఉడికించిన గుడ్లు, జున్ను పెట్టిన రొట్టెలు, ఊరవేసిన దోసకాయలు. ఉప్పు మర్చిపోయింది. పెద్దావిడ కాగితంలో పొట్లం కట్టిన ఉప్పు తీసి ఇచ్చింది, ఉర్షులా ఆవిడకి గుడ్డు ఇచ్చింది, చుట్టరికం కలిసిపోయింది. జెనోన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రయాణంలో రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఆయనకి ఎరిగున్న సంగతి కాదు. మరి రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషి ఏం చేస్తాడు? గుడ్డు వలుస్తాడు. ఒకటి వలిచి తిన్నాడు, ఇంకోటి వలిచాడు.

ఒకచోట గేటు పడి ఉంది. పక్కన రోడ్డు మీద కార్లు, చివర కనపడనంత బారున. నెత్తిన పడవలు కట్టుకున్నవి కొన్ని, వెనక సైకిళ్లు తగిలించుకున్నవి కొన్ని, ఒక కారు పక్కన చొక్కా విప్పేసిన మనిషి నడుం మీద చేతులేసుకుని ఆకాశం కేసి చూస్తున్నాడు. "ఉలా, చూడు, చూడు" అని జెనోన్ కిటికీకి ముక్కానించాడు. "నేనే వాణ్ని. ఏటా అక్కడ నిలబడేది నేనే." అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎంతకాలమైందో ఆవిడకి గుర్తులేదు. అప్పుడొచ్చింది ఆయనకి మాట. తడినేల పచ్చికల్లో నిలబడ్డ కొంగల్ని చూపించాడు. చిన్నప్పుడు అన్నతో కలిసి గడ్డకట్టిన సరస్సుకి బొరియ చేసి చేపలు పట్టింది చెప్పాడు. పట్టిన చేపని చొక్కాలో దాచుకుంటే అది కడుపు మీద కొట్టుకుందని చెప్పి, చుట్టూ ఉన్న వాళ్లందర్నీ నవ్వించాడు. ఉర్షులా ఒక కన్ను కిటికీ మీదా ఒక కన్ను మొగుడి మీదా వేసి, ఇంత సుఖం ఇన్నేళ్లూ ఎవడి పాలు చేశానా అనుకుంది.

కానీ అడవులు దగ్గరయ్యేకొద్దీ ఆయన మళ్లీ మూగనోము పట్టాడు. ఆగుస్తూవ్ ఇంకో స్టేషన్ ఉందనగా మెల్లిగా అడిగాడు, సాయంత్రం తిరుగు రైలు ఏమన్నా ఉంటుందా అని. ఆవిడ గబగబా సంచీ సర్దుకుంటూ లేదంది. ఉందో లేదో ఆవిడకి తెలియదు.

దిగి బస్టాండుకి వెళ్లారు. లిపూవ్కా బస్సు టైము ఉర్షులా ముందే రాసుకుని తెచ్చుకుంది. కూర్చున్నారు. టైము అయింది, దాటింది. బస్సు లేదు, బస్సు కోసం చూసే మనిషీ లేడు. జెనోన్ లేచి వెళ్లి, బోర్డు మీద వేలు పెట్టి చదివాడు. ఆ టైము పక్కన చిన్న అక్షరం ఒకటి, బోర్డు కింద దానికి అర్థం: బడి ఉన్న రోజుల్లో మాత్రమే. పండగ తర్వాతి శుక్రవారం దేశంలో ఏ బడీ ఉండదు. ముప్పై ఏళ్లు బడి వంటింట్లో పనిచేసిన మనిషి, ఈ ఒక్క శుక్రవారం సెలవు కోసం పిల్లలకంటే ఎక్కువగా ఎదురుచూసిన మనిషి, ఆ సంగతే మర్చిపోయింది. మళ్లీ బస్సు సోమవారమే.

సిగ్గుతో ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. జెనోన్ దెప్పుతాడనుకుంది. దెప్పి ఉంటే బాగుండేది. ఆయన మొహంలో ఆశ కనపడింది. అదే ఆవిణ్ని భయపెట్టింది.

బస్సు లేదు కదా, మనం మాత్రం ఏం చేస్తాం, వెనక్కి పోదాం, అన్నయ్యకి ఫోన్ చేసి చెబుదాం అన్నాడు. ఫోన్ చేస్తే వితోల్డే వచ్చి తీసుకెళతాడు కదా అని ఆవిడంటే, పుట్టినరోజు పనుల్లో ఉంటాడు, ఇబ్బంది పెట్టకూడదన్నాడు. ఉర్షులా ఇంక మాట పెంచలేదు. పెట్టె రోడ్డు పక్కకి ఈడ్చుకెళ్లి, దాని పక్కన నిలబడి, ఎవరైనా ఎక్కించుకుంటారని వచ్చే బండ్లకి బొటనవేలెత్తింది. పెళ్లైన కొత్తల్లో కారు లేనప్పుడు సముద్రం దాకా ఇలాగే వెళ్లారు. అప్పుడు లంగా పొట్టిగా ఉండేది, లారీలు తొందరగా ఆగేవి.

ఇప్పుడు ఆగింది అగ్నిమాపక స్వచ్ఛంద దళం వాళ్ల వ్యాను. లోపల వాళ్ల బ్యాండు మేళం. లిపూవ్కా పక్కూరి చర్చిలో పండగ వారమంతా సాయంత్రం ఊరేగింపులుంటాయి, దానికి వెళుతున్నారు. నడిపే పిల్ల ఇరవై ఏళ్లది, జుట్టు ఎర్రగా వేసుకుంది. చోటుంది గానీ ఏదో ఒక వాయిద్యం ఒళ్లో పెట్టుకోవాలంది. ఉర్షులాకి క్లారినెట్ ఇచ్చారు. జెనోన్ ఒళ్లో ట్యూబా అనే పెద్ద బాకా పెట్టారు. ఆ ఇత్తడి నోటి వెనక ఆయన మొహం సగమే కనపడింది. మలుపులు ఆ పిల్ల ఎలా తిప్పుతోందో చూడ్డానికి కూడా వీల్లేదు, ఎటు చూసినా ఇత్తడే. దిగేటప్పుడు ఆ పిల్లతో, బాగా నడిపావమ్మా అన్నాడు. ఆయన నోట ఆ మెచ్చుకోలు ఇంకెవరికీ దక్కలేదు.

వితోల్డ్ గేటు దగ్గరే ఉన్నాడు. వ్యాను వెళ్లిపోయింది. ఆయన తమ్ముడి వెనక రోడ్డుకేసి చూశాడు, మళ్లీ తమ్ముణ్ని చూశాడు.

"కారేది?"

"రాదోమ్‌లో. ఎండలో ఉంది."

ఆ పెద్ద మనిషి మొహం ఎలా వెలిగిందో చెప్పలేం. తమ్ముణ్ని కావిలించుకుని, వీపు మీద రెండు చరిచి, స్తెఫాన్యాని కేకేశాడు. "చూశావుటే, బండి లేకుండా వచ్చాడు. ఇవాళ వీడు నడపడు!" అన్నాడు. అప్పుడు చూసింది ఉర్షులా, మొగుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

సరస్సు వైపు తోటలో బల్ల వేశారు. రేపు చుట్టాలూ ఊరివాళ్లూ వస్తారు, ఇవాళ నలుగురే. పొగబెట్టిన సరస్సు చేప, సోపాకు చల్లిన కొత్త బంగాళదుంపలు, పుల్లమీగడ, స్తెఫాన్యా తన చేత్తో చేసిన కేకు. జూన్ నెల, ఎంతకీ పొద్దుపోదు. తిన్నారు, నవ్వుకున్నారు. తోటికోడళ్లిద్దరూ మోకాళ్ల నొప్పులు పంచుకున్నారు. తర్వాత వితోల్డ్ లోపలికి వెళ్లి, తను కాచిన సారా సీసా తెచ్చాడు. రెండు గ్లాసులు నింపి, ఒకటి తను గొంతులో పోసుకున్నాడు. మళ్లీ నింపుకుని, రెండోది తమ్ముడి ముందుకి తోశాడు.

"ఇన్నేళ్లకి. నాతో తాగవూ?"

ఆ దేశంలో ఇంటాయన నోట ఆ మాట వచ్చిందంటే కాదనడానికి ఒక్కటే దారి. జబ్బు అంటే వదలరు, ఇదే మందంటారు. డాక్టరు వద్దన్నాడంటే, వాడు మాత్రం తాగడా అంటారు. బండి నడపాలి అంటే మాత్రం ఎంతటివాడైనా సీసా దించుతాడు, ఇంకో మాట అనడు. ఆ ఒక్క దారీ ఇప్పుడు రాదోమ్ స్టేషన్లో ఎండలో ఉంది. ఉర్షులాకి ఒక్కసారిగా బుర్రలో దీపం వెలిగింది. ఇన్ని పెళ్లిళ్లు, ఇన్ని పండగలు, ఎక్కడికైనా కారు, పక్క వీధికైనా కారు. ఓరి నాయనో, ఈయన్ని తెచ్చి పులి నోట్లో పెట్టానే అనుకుని, గబుక్కున ఏదో ఒకటి చెప్పి అడ్డుపడబోయింది. జెనోన్ బల్ల కింద ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తాగను వితోల్డ్" అన్నాడు. "నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. కారుందని తాగకపోవడం కాదు. తాగకూడదనే కారు తెచ్చేవాణ్ని."

వితోల్డ్ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. స్తెఫాన్యా కేకు కోస్తున్న చాకు కింద పెట్టింది.

"అంటే నలభై ఏళ్లు నాతో అబద్ధమాడావా?"

"అబద్ధమేముంది? నిజంగా నడిపాను కదా."

ఇంకెవరైనా నవ్వేవాళ్లే. వితోల్డ్ నవ్వలేదు. ఎందుకూ అని అడిగాడు, మెల్లిగా. అప్పుడు జెనోన్ చెప్పాడు. గ్లాసు మీద చూపు పెట్టి, తోలు కోసినట్టు నిదానంగా, ఒక్కో ముక్కే చెప్పాడు. వాళ్ల నాన్న సంతనాడు తాగి బండిలో పడుకునేవాడు, గుర్రమే దారి తెలిసి ఇంటికి తెచ్చేది. అది ఊరందరికీ తెలుసు, ఊరంతా దాన్ని తమాషాగా చెప్పుకునేవాళ్లు. వితోల్డ్ సైన్యంలో ఉన్న చలికాలం ఒకనాడు, గుర్రం ఖాళీ బండితో వచ్చింది. అమ్మా, పదమూడేళ్ల తనూ లాంతరు పట్టుకుని, అదే బండి వేసుకుని మంచులో దారంతా వెతికారు. కాలవలో దొరికాడు నాన్న. బతికే ఉన్నాడు. బండి మీదకి ఎత్తి పడుకోబెట్టి, తనే పగ్గాలు పట్టి తోలుకొచ్చాడు. ఆ వాసన ఇంటిదాకా మొహం మీదే కొట్టింది. ఆ రోజు అమ్మకి మాటిచ్చాడు. అన్నకి చెప్పొద్దని అమ్మే అంది, సైన్యంలో ఉన్నవాడు బెంగపెట్టుకుంటాడని.

"అప్పట్నుంచీ ఎవడైనా గ్లాసు తోస్తే చేతులు వణుకుతాయి నాకు" అన్నాడు జెనోన్. "స్టీరింగ్ పట్టుకుంటే వణకవు."

వితోల్డ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకునే ప్రయత్నమూ చెయ్యలేదు.

"నాతో తాగడం నీకు నామోషీ అనుకున్నాను రా" అన్నాడు. "పేడ కంపు కొట్టే అన్న దగ్గర పట్నంవాడికి కూర్చోబుద్ధి కావట్లేదనుకున్నాను. నువ్వు లేచిన ప్రతిసారీ అదే అనుకున్నాను."

"నీ దగ్గర కూర్చోవాలనే ఉండేది" అన్నాడు తమ్ముడు. "కూర్చుంటే గ్లాసు వచ్చేది."

ఉర్షులా బల్ల కింద ఆయన చెయ్యి వదల్లేదు. ఇంతకాలం పక్కసీట్లో కూర్చుని మ్యాపు చూసింది గానీ మనిషిని చూడలేదే అని తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం వెంటనే ఆయన మీదకి తిరిగింది, పాత అలవాటు కదా. నాక్కూడా చెప్పలేదే అంది. నీకు చెబితే సాయంత్రానికి వీధంతా తెలిసేది అన్నాడు జెనోన్. స్తెఫాన్యా ముందుగా నవ్వింది, తర్వాత వితోల్డ్. ముక్కు చీదుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, కుర్చీ కిర్రుమనేట్టు నవ్వాడు. నవ్వుతూనే సీసాకి బిరడా బిగించి, రెండు గ్లాసులూ గడ్డిలో ఒంపేశాడు. రేపు వచ్చేవాళ్లలో ఎవడైనా వీడి ముందు గ్లాసు పెడితే వాడి చెయ్యి విరుస్తానని ఒట్టేశాడు.

ఆ తర్వాత ఒక వింత ఇబ్బంది వచ్చిపడింది. ఇద్దరు ముసలి అన్నదమ్ములు, ముందు బోలెడు సాయంత్రం, మధ్యలో గ్లాసు లేదు. ఏం చెయ్యాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాగకుండా సాయంత్రాలు ఏం చేస్తారురా మీరు అని వితోల్డ్ నిజంగానే అడిగాడు. పడవ ఉందా ఇంకా అన్నాడు జెనోన్.

ఉంది. కిందటేడే తారు పూశాడట. ఇద్దరూ ప్యాంట్లు మోకాళ్లదాకా మడుచుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఒడ్డుకి దిగారు. వితోల్డ్ ముందు ఎక్కి తెడ్ల దగ్గర కూర్చోబోయాడు. జెనోన్ వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు.

"జరుగు. నువ్వు ఒక గ్లాసు వేశావు. వేసినవాడు నడపకూడదు."

"నా పడవరా ఇది."

"అయితే ఏం? జరుగు."

డెబ్బై ఏళ్ల పెద్దమనిషి గొణుక్కుంటూ జరిగాడు. పడవ కదిలింది. తోటికోడళ్లిద్దరూ బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి ఒడ్డున గడ్డిలో చతికిలబడ్డారు. నీళ్ల మీద మాట దూరం పోతుందంటారు గానీ ఏం మాట్లాడుకుంటున్నారో తెలియలేదు, మాట్లాడుకుంటున్నారని మాత్రం తెలిసింది. ఒకసారి వితోల్డ్ చెయ్యి చాపి ఏదో చూపించాడు. ఒకసారి జెనోన్ చొక్కాలోకి చేప దూరినట్టు మెలికలు తిరిగాడు. నడిమధ్యకి వెళ్లాక అన్న ఏదో అన్నాడు, తమ్ముడు తెడ్లు రెండూ వదిలేసి, వెనక్కి వాలి నవ్వాడు. పడవ తన ఇష్టమొచ్చినట్టు మెల్లిగా గిరగిరా తిరుగుతూ రెల్లు పొదల వైపు కొట్టుకుపోతోంది. దారి మీంచి చూపు తిప్పని ఆ మనిషి అటు చూడనైనా చూడలేదు.

"పొదల్లో చిక్కుకుంటారు. కేకెయ్యనా?" అంది స్తెఫాన్యా.

"వద్దు, చిక్కుకోనీ" అంది ఉర్షులా.